వెనక కళ్ళ పల్లె

పులి కళ్ళలోకి రెప్ప వేయకుండా రెండు ఝాముల సేపు చూసినవాణ్ణి నేను. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే ఈ ప్రకరణంలో పులి వస్తుంది. వచ్చినప్పుడు మీరు "ఈ ముసలాడికేం తెలుసు" అని మూతి విరవకూడదు. వీధిబడిలో నాలుగు అక్షరాలు దిద్ది, తక్కిన చదువంతా చెవులతో చదువుకున్నవాణ్ణే. అయినా పులి సంగతి వస్తే మాత్రం నా మాటే మాట.

ఇక కథ.

రత్నవాటి రాజ్యాన్నేలే చిత్రభాను మహారాజు మూడు నెలలుగా మంచం దిగలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. పాదాల్లో మొదలైన చల్లదనం వారానికి వేలెడు చొప్పున పైకి పాకుతోంది, అంతే. పాకినంత మేరా ఒళ్ళు రాయైపోతోంది. ఆస్థానంలో కొత్తగా చేరిన మాంత్రికుడు ధూమ్రజిహ్వుడు దానికి మందు చెప్పాడు.

"కరకల కోనలో ఒక ఆడపులి ఉంది. మనుషులను మరిగింది. రాజవంశంలో పుట్టినవాడి బాణంతో అది చావాలి. దాని గోళ్ళు తెచ్చి నా చేతిలో పెడితే మహారాజు లేచి నడుస్తారు. పున్నమి దాటిందా, ఇక నా వల్ల కాదు."

మాట్లాడేటప్పుడు ఆ మాంత్రికుడి నాలుక కనిపించేది. కాలి ఆరిన కట్టెలా నల్లగా ఉండేది. విషమూలికలు నమిలి నమిలి అలా అయిందని అతడే చెప్పాడు. అందరూ నమ్మారు. రాజుగారి ఒక్కగానొక్క కొడుకు ఇందుధరుడూ నమ్మాడు. మాంత్రికుడిచ్చిన విషపు బాణాన్ని, పొట్టి వింటిని ఉప్పు బస్తాలో దాచి, ఒక ఎద్దు మీద వేసుకొని, ఉప్పు అమ్ముకునేవాడి వేషంలో బయలుదేరాడు. కొండలు దాటి, వాగులు దాటి, దారిలో ఇద్దరు దొంగలకు ఉప్పు, ముగ్గురికి దెబ్బలు పంచిపెట్టి, పున్నమికి ఒక్క రోజు ముందు, పొద్దుటిపూట, కరకల కోనలో అడుగు పెట్టాడు.

పుష్యమాసం. కోనంతా మంచు. మంచంటే మీరెరిగిన మంచు కాదు. పాలు పొంగి, పొంగిన పాలు అలాగే గడ్డకట్టి, ఆ గడ్డలోంచి కరక చెట్ల కొమ్మలు మునిగిపోతున్నవాళ్ళ చేతుల్లా పైకి లేచినట్టుంది. పక్షి కూత లేదు. ఎద్దు మెడలోని గంట కూడా దుప్పటి కింద మోగుతున్నట్టు మోగుతోంది. ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఎటు నుంచో తెలియదు.

అంతలో దారి మీద ఒక మనిషి కనిపించాడు. ఎదురుగా నిలబడి ఇందుధరుడి వైపే చూస్తున్నాడు. గుండ్రటి, పెద్ద కళ్ళు.

"అన్నా, పల్లె ఎంత దూరం?"

ఆ మనిషి చూస్తూనే, చూపు తిప్పకుండానే, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. తడబాటు లేదు, తొందర లేదు. మోకాళ్ళు మాత్రం తిరగబడి వంగుతున్నాయి. చివరకు మంచులో రెండు కళ్ళు మిగిలాయి. తరువాత అవీ లేవు.

ఇందుధరుడు ఎద్దు పగ్గం గట్టిగా పట్టుకున్నాడు. పది అడుగులు వేశాడో లేదో, ఒక ఆడమనిషి. నెత్తిన కుండ. రెప్పలాడని అవే కళ్ళు. జుట్టు ముడి గడ్డం కింద వేలాడుతోంది. కాళ్ళ వైపు చూశాడు. మడమలు ఇటున్నాయి, వేళ్ళు అటున్నాయి. కాళ్ళు వెనక్కి తిరిగి ఉండేవి ఏవో చిన్నప్పుడు దాది చెప్పింది. ఏడుగురు మల్లుల్ని మట్టి కరిపించిన రాజకుమారుడు ఎద్దు చాటుకు తప్పుకున్నాడు.

"యాడికప్పా, ఈపు బోడిగా పెట్టుకోని వస్తాండావు? సచ్చేదానికా?"

చటుక్కున ఎవరో మెడ పట్టుకున్నారు. ఒక ముసలావిడ. చేతిలో ఉలి, చీర నిండా చెక్కపొట్టు. ఆమె అటు తిరిగి ఏదో అందుకునేసరికి ఇందుధరుడికి సంగతి అర్థమైంది. తల వెనక, కొప్పు మీద, తేలికపాటి పొణికి కర్రతో చెక్కిన ఇంకో మొహం కట్టి ఉంది. మంచులో చూసిన తెల్లటి కళ్ళు సున్నం, నల్లటి గుడ్లు మసి. దారిలో అతనికి ఎదురైన వాళ్ళంతా నిజానికి అతనికి వీపు చూపించి తమ దారిన తాము పోతున్నవాళ్ళు.

ఆమె పేరు ఓబుళమ్మ. ఆ పల్లెకు మొహాలు చెక్కేది ఆమే. అడక్కుండానే ఒక మొహాన్ని అతని తల వెనక కట్టేసి, ముడి బిగించింది.

"ఉప్పు తెచ్చినావు, మంచిదే. ఉప్పు మా కాడ మిగలాల, నువ్వు ఆవిడ కాడికి పోగూడదు."

"ఆవిడెవరు?"

"గట్టిగా అనగాకు. ఇనిపిస్తాది. చారలావిడ."

ఆ పల్లెలో పులిని పులి అనరు. ఇంటి పెద్దకోడలి గురించి చెప్పినట్టు ఆవిడ అంటారు. ఓబుళమ్మ తన బొమ్మల కొట్టంలో కూర్చోబెట్టి, కొర్ర అంబలి పోసి చెప్పింది.

"ఆవిడ ఎనకనించే వస్తాది. మొగం సూసినోన్ని ముట్టదు. మర్యాద తెలిసిన మనిసి. అందుకే మా తాతలనాడే ఎనక ఇంకో మొగం పెట్టుకున్యాము. మాకు రెండు మొగాలు, ఆవిడకి అడవి. ఆవిడ తిరిగే దారిలో మేము కట్టె కొట్టము. మా చేలల్లోకి ఆవిడ రాదు."

"ఇంత కష్టమెందుకమ్మా? ఒక్క బాణంతో తీరిపోయేదానికి?" అన్నాడు ఇందుధరుడు, ఎటో చూస్తూ.

ఓబుళమ్మ నవ్వింది. మూడు పళ్ళు కనిపించాయి.

"ఆ తెలివి మాకూ పుట్టింది నాయనా, మా అవ్వ పరికిణీ కట్టుకునేనాడు. సంపినారు. డప్పులు కొట్టినారు. ఆ యేడు దుప్పులూ, పందులూ మందలు మందలుగా దిగినాయి. కంకి మిగల్లా. జనం అడవిగడ్డలు తవ్వుకోని తిన్యారు. మూడేండ్లు. మళ్ళీ యాన్నించో ఇంకో ఆవిడ వచ్చి కొండెక్కి ఒక కేక పెట్టిందంట. మా అవ్వ ఏడ్సిందంట, సంతోసంతో. చేనికి కావలొచ్చింది గదా!"

"మరి ఆవిడ ఇప్పుడు మనుషులను తింటున్నదని రాజధానిలో చెప్పుకుంటున్నారే?"

ఓబుళమ్మ నవ్వు ఆగిపోయింది. ఉలితో గోడ చూపించింది. గోడకు తొమ్మిది మేకులు. మేకుకొకటి చొప్పున తొమ్మిది మొహాలు.

"ఆర్నెల్లలో తొమ్మండుగురు. ఎందుకో తెలీదు. ఆవిడ మర్యాద మరిసింది. ఆ చివరిది మా నాగన్నది. నా కొడుకు. ఐదు దినాలాయ."

ఆ చివరి మొహానికి ఒక మీసం పైకి, ఒక మీసం కిందికి ఉన్నాయి.

"చెక్కేటప్పుడు ఎదురుగా కూసోని నవ్విస్తానే ఉన్యాడు, దొంగనాయాలు. ఉలి జారింది. దిద్దుతానంటే వద్దన్యాడు. నన్ను సూసి ఆవిడ కూడా నవ్వాలన్యాడు."

ఇందుధరుడు లేచి గోడ దగ్గరకు వెళ్ళాడు. మొదటి మొహం చాలా పాతది, వానకు కడిగి కడిగి కళ్ళు చెరిగిపోయి ఉంది. రెండోది చూశాడు. మూడోది చూశాడు. తొమ్మిదో మొహం దాకా చూసి, మళ్ళీ రెండోదాని దగ్గరికి వచ్చాడు. ఎనిమిది మొహాలకూ కళ్ళు మూసి ఉన్నాయి. గుడ్ల మీద పసుపు పూసి, మసితో రెప్పగీత గీసి ఉంది.

"వీటికి కళ్ళు మూశారేం?"

"సావు ఇల్లు గదప్పా. ఇంట్లో ఒకరు పోతే ఆ ఇంటోళ్ళంతా నెల దినాలు ఎనక మొగానికి కండ్లు మూస్తారు. తెరిసి పెడితే పోయినోడు దాంట్లో దూరతాడంట."

"ఇదీ మీ తాతలనాటిదేనా?"

"కాదు. ఆ మొదటి మొగం మా కాటమయ్య మామది. నీ బొమ్మకి కండ్లు పోయినాయి, దిద్దుతాను రారా మామా అంటే, నా బొమ్మ నాకంటే ముసిలిది, దానికి సూపెందుకు అని ఎగతాళి చేసినాడు. ఆ వారమే పోయినాడు. అప్పుడు సామి ఒకాయన వచ్చి ఈ కండ్లు మూసేది చెప్పినాడు. పెద్ద సామి. నాలిక బొగ్గు మాదిరి ఉంటాది."

ఇందుధరుడి చేతిలోని అంబలి ముంత కింద పడింది.

"అమ్మా, ఒక్కటి చెప్పు. వీళ్ళు పోయాక కళ్ళు మూశారా, మూశాక పోయారా?"

ఓబుళమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టింది. కాటమయ్య పోతే అతని కొడుకు కళ్ళు మూసుకొని అడవికి వెళ్ళాడు. కొడుకు పోతే అల్లుడు. అల్లుడు పోతే అల్లుడి అన్న. నలభై గడపల పల్లె, అందరూ అందరికీ చుట్టాలే. ఒక్కొక్క చావు ఇంకో ఇంట్లో కళ్ళు మూస్తూ వచ్చింది. వెనక నుంచి చూస్తే చూపు లేని మొహం, ఆవిడ దృష్టిలో అది మొహం కాదు, వీపు. ఆవిడ మర్యాద మరవలేదు. వీళ్ళే మొహం తిప్పుకున్నారు.

ఉలి జారి నేల మీద పడింది.

"నా కోడలు," అంది ఓబుళమ్మ. "మారెక్క. కట్టెలకి పోయింది పొద్దున. మైలింటిదాంతో ఎవురూ కలిసి నడవరని ఒంటిగా పోయింది. కండ్లు మూసింది నేనే. ఈ చేత్తోనే మూస్తి!"

"ఊరందరినీ పిలువు. ప్రతి మొహానికీ కళ్ళు తెరువు. పొలిమేర రాయి దగ్గర నిలబెట్టు," అని ఇందుధరుడు ఉప్పు బస్తాలోంచి విల్లూ బాణమూ లాగి, మంచులోకి పరుగెత్తాడు.

పరుగంటే అదీ పరుగు! ముళ్ళ కంపలు దూకాడు, జారుడు బండలు దిగాడు, విరిగిన మాను మీదుగా లోయ దాటాడు, మాను వెనకనే లోయలో పడింది. అడవి లోపల మంచు నీలంగా ఉంది. మొదట గొడ్డలి చప్పుడు వినిపించింది. తరువాత చప్పుడు ఆగింది.

ఇప్పుడు పులి వస్తుంది. రావడానికి ముందు చిన్న సవరణ. మొదట్లో నేనొక మాట అన్నాను, పులి కళ్ళలోకి రెండు ఝాములు చూశానని. అది పులి కాదు. మా కరణంగారి పిల్లి. ఝాములు కూడా కావు, నాకు ఆవులింత వచ్చేదాకా. ముందు రెప్ప వేసింది కూడా నేనే. ఇప్పుడు మనసు తేలికైంది. సాగుదాం.

ఇరవై బారల దూరంలో మారెక్క వంగి కట్టెలమోపు కడుతోంది. పాతికేళ్ళ మనిషి, ఏడ్చి ఏడ్చి వాచిన మొహం. ఆ వాచిన మొహం అటుంది. ఇటున్నది మూసిన కళ్ళ మొహం. ఆ మొహం ఎదుట, పొద మొదట్లో, మంచులోంచి ఆవిడ తయారవుతోంది. వస్తోందనలేదు, తయారవుతోందన్నాను. ముందు రెండు దీపాలు. దీపాల చుట్టూ గంధం, కాటుక కలిపి గీసినట్టు చారలు. చారల వెనక భుజాలు, మెల్లగా, కొండ ఊపిరి పీల్చినట్టు లేస్తూ, దిగుతూ. ఆకు కదలలేదు. అంత బరువు నేల మీద ఉందని నేలకే తెలియదు.

ఇందుధరుడు బాణం ఎక్కుపెట్టాడు. గురి తప్పే దూరం కాదు. తండ్రి మోకాళ్ళ చల్లదనం వేళ్ళకు తగిలినట్టయింది. వదిలితే తండ్రి లేస్తాడు. అలా అన్నదెవరు? నల్ల నాలుక. ఇక్కడ కళ్ళు మూయించి పులికి పేరు చెడగొట్టింది ఎవరు? నల్ల నాలుక. మరి ఆ చల్లదనం మహారాజు పాదాల్లోకి వచ్చింది కూడా ఆ నాలుక ఆస్థానంలో అడుగుపెట్టిన నెలలోనే కదా! అనుకున్నంత సేపు కూడా ఆగలేదు, విల్లూ బాణమూ లోయలోకి విసిరేశాడు. ఒక్క పరుగున మారెక్క వెనకకు దూకి, ఆమె వీపుకు వీపు ఆనించి, ఆవిడకు ఎదురు నిలిచాడు.

"అక్కా, తిరగొద్దు. నేను ఉప్పు అమ్మేవాణ్ణి. మీ అత్త పంపింది."

"తాకొద్దు! మైలింటిదాన్ని."

"ఈ పూటకు నేను మనిషిని కాను. నీ వెనక మొహాన్ని. కళ్ళు తెరిచిన మొహాన్ని. నడువు."

మారెక్క తల తిప్పలేదు. ఆమె వీపు వణకడం అతని వీపుకు తెలిసింది. సంగతి అర్థమైంది ఆమెకు.

"ఉండాదా?"

"ఉంది."

"ఎంత దూరం?"

"అడగొద్దు."

"బొమ్మలు మాట్లాడవు," అంది మారెక్క, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. అని అడుగు వేసింది. అతను వెనక్కి అడుగు వేశాడు.

కట్టెలవాళ్ళ చుట్టుదారిన అలా మొదలైంది ఆ నడక. ఆమెవి దారి చూసే కళ్ళు, అతనివి ఆవిడను చూసే కళ్ళు. "ఎడమకి రాయి." "ఇక్కడ దిగుడు." "వేరు ఉంది, కాలెత్తు." ఒక్కో మాటకు ఒక్కో అడుగు. ఆవిడ కూడా ఒక్కో అడుగు. వాళ్ళు ఆగితే ఆవిడ ఆగింది. అంత దగ్గరగా వచ్చింది, ఊపిరి వెచ్చగా ఇందుధరుడి మోకాళ్ళకు తగిలింది. పచ్చి ఇనుము వాసన. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మంచుబొట్టు కనురెప్ప అంచున వేలాడింది. ఏదో చీమ కనుబొమ మీదుగా నింపాదిగా నడిచింది. అయినా ఆ రాజకుమారుడు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. ఆవిడ ఒకసారి పై పెదవి ఎత్తింది. నవ్విందేమో, ఆవిడ ఇష్టం.

"వచ్చేసినాము," అంది మారెక్క. "పొలిమేర రాయి. పది అడుగులు. అందురూ ఉండారు."

ఇందుధరుడికి కనిపించదు, తిరిగి చూడలేడు. మారెక్కే చెప్పింది. నలభై గడపల జనమూ రాయికి అటూ ఇటూ వరసగా, అడవికి వీపు చూపించి నిలబడ్డారు. తడి ఆరని సున్నంతో, మసితో, అన్ని మొహాలూ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆ వరసంతా మంచులోంచి ఆవిడనే చూస్తోంది. ఆవిడ చెవులు వెనక్కి వాలాయి. నడక నెమ్మదించింది. ఇంకో పది అడుగులు వేస్తే ఎవరి ఇంటికి వాళ్ళు.

అప్పుడు మారెక్క ఆగిపోయింది.

"మా ఆయన వచ్చినాడు," అంది.

గొంతులో ఆశ్చర్యం లేదు. వాకిట్లో చెప్పుల చప్పుడు విన్న మనిషిలా అంది.

"ఎవరు?"

"మా ఆయన. వరస చివర. మీసం ఒకటి పైకి, ఒకటి కిందికి. గొంగడి కప్పుకోని నిలబడుండాడు. కండ్లు మూసుకోనుండాడు."

గోడ మీది తొమ్మిదో మేకు ఇందుధరుడి కళ్ళ ముందు మెదిలింది. పసుపు పూసిన ఆ మొహాన్ని ఎవరు తీశారు? రాజకుమారుడి బాణం ఎటు పోతుందో చూడటానికి రాజధాని నుంచి వెంట వచ్చి, కొట్టం వెనక మాటు వేసి, జనంలో కలవడానికి తొందరలో చేతికందిన మొహాన్ని తల వెనక కట్టుకొని, ఆ గొంగడి కింద ఊపిరి బిగపట్టి నిలబడ్డదెవరు? అది మీకు తెలుసు, ఇందుధరుడికీ తెలిసిపోయింది.

"మారెక్కా, ఆయన చేతిలో ఏముంది?"

"కత్తి," అంది మారెక్క. "పక్కన అత్త నిలబడుండాది."

ఇక్కడ ఆపుతాను. ఆపే ముందు, పిల్లి సంగతి ఒప్పుకున్నవాణ్ణి గనుక, ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఈ ప్రకరణంలో నేను సొంతంగా కల్పించిన ముక్క ఒకటి ఉంది. తిరగబడి వంగిన మోకాళ్ళు కాదు. ఓబుళమ్మ మూడు పళ్ళు కాదు. నాగన్న మీసం అసలే కాదు, దాన్ని కల్పించడానికి నాకు మనసొప్పదు.

రాజకుమారుడు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదన్నాను చూశారా, అది కల్పించాను. వేశాడు. "పక్కన అత్త" అన్న మాట చెవిన పడగానే వేశాడు. ఎవరైనా వేస్తారు. నేను పిల్లి ఎదుటే వేశాను.

ఒకే ఒక్క రెప్పపాటు. తెరిచి చూసేసరికి ఎదురుగా దారి ఉంది, దారి మీద మంచు ఉంది, తడిమట్టిలో పళ్ళెమంతేసి అడుగుజాడలు ఉన్నాయి. ఆవిడ లేదు. ఆ జాడలు అతని కాళ్ళ దాకా వచ్చి, మారెక్కను ముట్టకుండా పక్కకు తిరిగి, వరస చివర వైపు పోతున్నాయి.